‘దూకండి’ అని రాసిందెవరు?

"ఈ వెబ్‌సైట్ చేసింది ఎవరండీ?"

స్విమ్మింగ్ స్కూల్ రిసెప్షన్ బల్ల వెనక కూర్చుని, లాప్‌టాప్‌లో నీలం రంగును ఇంకాస్త నీలంగా మారుస్తున్న యువకుడు తలెత్తాడు.

ఎదురుగా ఒకమ్మాయి. బయట వాన దంచి కొడుతోంది. ముడిచిన గొడుగు కొస నుంచి నీళ్లు ఆమె చెప్పుల మీదే కారుతున్నా ఆమెకు పట్టినట్టు లేదు. రెండో చేతిలో ఫోను. ఆ ఫోనులో, అతను సెలవు రోజులన్నీ ధారపోసి చేసిన వెబ్‌సైట్.

అతని గుండె పొంగింది. వెబ్‌సైట్ చూసి ముచ్చటపడి, చేసినవాణ్ని వెతుక్కుంటూ వానలో ఒకమ్మాయి రావడం ఏ డిజైనర్ జీవితంలోనూ రోజూ జరిగే విషయం కాదు.

"నేనేనండీ," అన్నాడు వీలైనంత వినయంగా. పనిలో పనిగా జుట్టు కూడా సర్దుకున్నాడు.

"చాలా అందంగా ఉంది."

"థాంక్సండీ. ఆ అలలు చూశారా? వేలితో జరిపితే కదులుతాయి."

"చూశాం. నేనూ మా అమ్మా కూర్చుని చాలాసేపు కదిపాం. ఎంత కదిపినా కింద ఇంకా నీళ్లే వస్తున్నాయి."

"అంటే?"

"అంటే, మా అమ్మకి మోకాళ్ల నొప్పులు. నీళ్లలో నడిస్తే మంచిదని డాక్టర్ చెప్పారు. ఈత రాని పెద్దవాళ్లకి ఇక్కడ నేర్పుతారని ఎవరో అంటే, వెబ్‌సైట్ తెరిచాం. నీళ్లు ఎంత లోతు? రాయలేదు. దిగడానికి మెట్లున్నాయా, నిచ్చెనా? రాయలేదు. ఏం వేసుకుని రావాలి? రాయలేదు. అసలు నేర్పేది ఎవరు? అదీ లేదు. ఆఖరికి 'మా గురించి' అని ఒక బటన్ కనిపించింది. హమ్మయ్య అనుకుని నొక్కాను. ఏమొచ్చిందో చదవమంటారా?"

అతని మొహంలో నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. అందులో ఏముందో అతనికి అప్పుడే గుర్తొచ్చింది.

ఆ అమ్మాయి గొంతు సవరించుకుని, వార్తలు చదివినంత శ్రద్ధగా చదివింది. "'ఇక్కడ ఏదో ఒకటి రాయాలి. ఏదో ఒకటి. ఏదో ఒకటి. పిన్నిని అడగాలి. ఏదో ఒకటి.'"

"అది... డమ్మీ టెక్స్ట్ అండీ. అసలు మాటలు వచ్చేదాకా చోటు ఖాళీగా కనపడకుండా పెడతాం. మార్చడం మర్చిపోయినట్టున్నాను."

"ఎప్పుడు పెట్టారు?"

"పోయిన నెలలో."

"నెల నుంచి ఎవరూ చెప్పలేదా?"

"ఎవరైనా వస్తే కదమ్మా చెప్పడానికి!" అంటూ లోపలి తలుపు తోసుకుని ఒకావిడ వచ్చింది. పొట్టి జుట్టు, మెడలో ఈల, తడి పాదాలు. ఆ స్కూలు నడిపే టీచరు ఆవిడే. అతనికి స్వయానా పిన్ని. నడుం మీద చేతులు పెట్టుకుని అతని వైపు తిరిగింది. "ఒరేయ్ చంటీ! నా స్కూలు గురించి 'ఏదో ఒకటి' అని రాశావురా?"

ఆరడుగుల మనిషిని చంటీ అని పిలవడం విని ఆ అమ్మాయి కింది పెదవి గట్టిగా కొరుక్కుంది. నవ్వు ఆపుకోవడానికేనని అతనికి తెలిసిపోయింది. బల్ల కింద దూరడానికి చోటుందేమోనని ఒక్క క్షణం ఆలోచించాడు కూడా.

"నువ్వేం చేస్తుంటావమ్మా?" అని అడిగింది పిన్ని.

"ఆసుపత్రిలో పనండీ. డాక్టర్ని కాదు. పేషెంట్లకి ఇచ్చే కాగితాలుంటాయి కదా, ఆపరేషన్ ముందు ఏం తినకూడదు, ఇంటికెళ్లాక కట్టు ఎప్పుడు విప్పాలి, అలాంటివి. అవి నేనే రాస్తాను. వాళ్ల వెబ్‌సైట్‌కి కూడా."

"అంటే భయపడేవాళ్ల కోసం రాస్తావన్నమాట."

"ఒక రకంగా అంతేనండీ."

"నా దగ్గరికొచ్చేవాళ్లంతా ఆ బాపతే. అయితే ఇది కూడా నువ్వే రాసిపెట్టు. వీడు బొమ్మలేస్తాడు."

"పిన్నీ, నేను చేసేది బొమ్మలేయడం కాదు, దాన్ని డిజైన్—"

"నువ్వు కాసేపు నోరు మూసుకో."

ఆ అమ్మాయి ఒప్పుకుంది. ఒకే ఒక్క షరతు పెట్టింది: తను అడిగిన ప్రతి ప్రశ్నకూ విసుక్కోకుండా జవాబు చెప్పాలి. ఆ షరతు ఎంత పెద్దదో వారం తిరగకుండానే అందరికీ అర్థమైంది. పిన్ని ఆమెకు 'ప్రశ్నలమ్మాయి' అని పేరు పెట్టేసింది.

పిన్ని ఒకప్పుడు పోటీల్లో ఈదిన మనిషి. ఇప్పుడు ఒక పెద్ద కాలనీవాళ్ల ఈతకొలనులో, పొద్దున్నే రెండు గంటలు, నీళ్లంటే బెదిరిపోయే పెద్దవాళ్లకు మాత్రమే నేర్పుతోంది. పిల్లలకు నేర్పేవాళ్లు ఊరినిండా ఉన్నారు. పెద్దవాళ్లను ఎవరూ పట్టించుకోరని ఆవిడ బాధ. కానీ క్లాసులో ఉన్నది నలుగురే. నెలాఖరుకి క్లాసు నిండకపోతే ఆ రెండు గంటలూ పోటీలకు తయారయ్యే పిల్లల క్లబ్బుకు ఇచ్చేస్తామని కొలను చూసుకునే కమిటీ ప్రెసిడెంటు చెప్పేశాడు. ఆయనతో వాదించి లాభం లేకపోయింది. అక్క కొడుకు వెబ్‌సైట్లు చేసే కంపెనీలో ఉన్నాడు కదా, వాణ్ని పట్టుకుంటే జనం వస్తారని ఆవిడ ఆశపడింది. నీలి అలలు వచ్చాయి గానీ జనం రాలేదు.

మర్నాటి నుంచి ప్రశ్నలమ్మాయి డ్యూటీకి ముందు కొలను దగ్గరికి రావడం మొదలుపెట్టింది. ప్యాంటు మడమల పైకి మడుచుకుని, గట్టు మీద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, నీళ్లలోంచి పైకొచ్చిన ప్రతివాళ్లనూ పట్టుకునేది. నలుగురిలో ఒకాయన బస్సు డ్రైవరు, ఒకావిడ బ్యాంకులో క్యాషియరు, ఒకాయన రిటైరైన డ్రాయింగ్ మాస్టారు, ఇంకొకావిడ టైలరు. 'మొదటి రోజు మీకు ఏమనిపించింది? ఇంటికెళ్లిపోదామని ఎప్పుడు అనుకున్నారు? ఎందుకు వెళ్లలేదు?' ఇవీ ఆమె ప్రశ్నలు.

"అంత పెద్ద బస్సు నడుపుతానా, ఇక్కడ నీళ్లు చూస్తే కాళ్లు వణికాయమ్మా," అన్నాడు డ్రైవరు తల తుడుచుకుంటూ. "మేడం నన్ను మొదటి రోజు దిగమనలేదు. గట్టు మీద కూర్చుని కాళ్లు తడుపుకోమంది. అంతే. ఆ సంగతి ముందే తెలిసుంటే ఎప్పుడో వచ్చేవాణ్ని."

ఈ మాటలు వింటూ పక్కనే లాప్‌టాప్‌తో కూర్చున్న డిజైనరు మాత్రం లోలోపల పళ్లు నూరుకుంటున్నాడు.

"ఈ మొదటి పేజీలో మీకు ఒక్క లైనుకే చోటుందండీ," అన్నాడు.

"నాకు ఆరు కావాలి. చోటు పెంచండి."

"పెంచితే అలలు పోతాయి."

"పోనివ్వండి. అలలే చూడాలనుకుంటే జనం సముద్రానికి వెళ్తారు."

"అలా కాదండీ. ముందు చూపు ఆగాలి. చూపు ఆగితేనే కదా ఎవరైనా చదివేది? మాటలదేముంది, తర్వాతైనా నింపుకోవచ్చు."

"సరే. చూపు ఆగింది. తర్వాత?"

"తర్వాత..."

"తర్వాత అక్కడేమీ లేకపోతే వెళ్లిపోతారు చంటిగారూ. సూటు బ్రహ్మాండంగా కుట్టారు. లోపల పెళ్లికొడుకేడీ?"

చంటిగారూ అన్న పిలుపుకి అతని చెవులు ఎర్రబడ్డాయి. జవాబు కోసం ఆమె మొహంలోకి చూశాడు. అక్కడ చూపు ఆగిపోయింది. ఆగి, ఎంతకీ కదలలేదు.

"ఏంటి అలా చూస్తున్నారు?"

"ఆహా, ఏం లేదు. పెళ్లికొడుకు గురించి ఆలోచిస్తున్నా."

ఆమె చటుక్కున ఫోనులోకి తలదించుకుంది.

వాదనలు ఆగలేదు గానీ, అతను మాత్రం రోజురోజుకీ ముందుగా రావడం మొదలుపెట్టాడు. నీళ్లు చిందని చోట ఆమె కుర్చీ వేసి పెట్టేవాడు. ఒకరోజు ఆమెకు జలుబు చేసి ముక్కు చీదుకుంటూ వస్తే, అడక్కుండానే వేడి వేడి టీ తెచ్చి ఇచ్చాడు. ఆ టీలో పంచదార వేయడం మర్చిపోయాడు. ఆమె ఏమీ అనకుండా తాగేసింది. పంచదార లేదన్న సంగతి తన కప్పు తాగాక గానీ అతనికి తెలియలేదు. ప్రతి మాటకూ వంక పెట్టే మనిషి ఆ చేదు టీని ఎందుకు ఊరుకుని తాగిందా అని ఆ రోజంతా ఆఫీసులో అదే ఆలోచన.

"మీకు ఈత ఎప్పుడొచ్చింది?" అని ఆమె ఒక పొద్దున మామూలుగా అడిగింది.

అతను ఒక్క క్షణం తటపటాయించాడు. "చిన్నప్పుడే వచ్చేసిందండీ. ఇంట్లోనే టీచరుంటే రాకుండా ఉంటుందా?"

నిజమేమిటంటే అతనికి ఈత రాదు. చిన్నప్పుడు పిన్ని నేర్పబోతే గేటు దాకా పరిగెత్తాడు. పిన్ని బలవంతపెట్టే మనిషి కాదు కాబట్టి వదిలేసింది. అప్పటినుంచీ అతను కొలనును ఒడ్డు నుంచే ప్రేమిస్తున్నాడు. ఈ మాట ఎవరికైనా చెప్పొచ్చు గానీ, ఈ అమ్మాయికి ఎలా చెప్తాడు? అప్పటికే చంటిగారు అయిపోయాడాయె!

నెలాఖరు దగ్గరపడింది. ఆమె రాయవలసిందంతా రాసి పంపించి, ఆసుపత్రి పని మీద వేరే ఊరు వెళ్లింది. వెళ్తూ వెళ్తూ, "ఒక్క అక్షరం కూడా మార్చొద్దు," అంది.

"అక్షరం మార్చను," అని మాటిచ్చాడు.

శుక్రవారం వెబ్‌సైట్‌లో ఆమె మాటలు పెడుతూ మొదటి పేజీ దగ్గర ఆగాడు. ఆమె రాసింది ఇది:

'నీళ్లంటే భయమా? మా దగ్గరికి వచ్చేవాళ్లందరికీ భయమే. మొదటి రోజు మీరు దిగక్కర్లేదు. గట్టు మీద కూర్చుని కాళ్లు తడుపుకుంటే చాలు. దిగాలనిపించినప్పుడు, పట్టుకోవడానికి కడ్డీ ఉన్న వెడల్పాటి మెట్లున్నాయి. నీళ్లు మీ నడుము దాకే వస్తాయి.'

అతను తల గోక్కున్నాడు. ఈత నేర్పేచోట గుమ్మంలోనే భయం అంటే ఎలా? పైగా ఆ ఆరు లైన్లు అలల్ని సగం మింగేశాయి. అక్షరం మార్చనన్నాడు, మార్చలేదు కూడా. మొత్తం తీసుకెళ్లి నాలుగో పేజీలో పెట్టాడు. ఖాళీ అయిన చోట, అలల మీద తేలుతున్నట్టు వంపు తిరిగిన పెద్ద పెద్ద అక్షరాలతో తనే ఒక లైను రాశాడు.

'నిర్భయంగా దూకండి!'

దూరం నుంచి చూశాడు, దగ్గర నుంచి చూశాడు. ముచ్చటేసింది. ఆమె తిరిగొచ్చి చూస్తే తిడుతుందేమో గానీ, తిడుతూనైనా నవ్వుతుందనుకున్నాడు.

సోమవారం ఆమె వచ్చింది. నవ్వడం లేదు. తిట్టనూ లేదు. రిసెప్షన్ బల్ల ముందు నిలబడి మెల్లగా అడిగింది.

"'దూకండి' అని రాసిందెవరు?"

"నేనే. కొంచెం పంచ్ ఉంటుందని—"

"శనివారం మా అమ్మ, క్లాసు కోసం కొత్త డ్రెస్ కొనుక్కుంది. నేను ఊళ్లో లేను. కూతురు ఏం రాసిందో చూద్దామని ఫోను తెరిచింది. తెరవగానే దూకమని కనిపించింది. 'మెట్లు దిగలేనిదాన్ని, నన్ను దూకమంటారేమిటే' అని నాకు ఫోన్ చేసింది. వెంటనే వెళ్లి డ్రెస్ వెనక్కిచ్చేసింది. ఇప్పుడు నేనెంత చెప్పినా వినడం లేదు."

అతను లాప్‌టాప్‌ను ఆమె వైపు తిప్పాడు. "మీరు రాసిందంతా అలాగే ఉందండీ, నాలుగో పేజీలో..."

"భయపడేవాళ్లు నాలుగో పేజీ దాకా రారండీ. మొదటి మాట దగ్గరే వెనక్కి తిరిగిపోతారు. ఆ ఆరు లైన్లూ నేను మా అమ్మని కళ్ల ముందు పెట్టుకుని రాశాను. మీరు పక్కకి నెట్టింది వాక్యాల్ని కాదు, ఆవిణ్ని. అయినా మీకెలా తెలుస్తుందిలెండి. మీకు చిన్నప్పుడే ఈత వచ్చేసింది."

"ఎవరికి? వీడికా?" తువ్వాళ్లు మడత పెడుతున్న పిన్ని పగలబడి నవ్వింది. "వీడు బక్కెట్లో నీళ్లు నిండుగా ఉంటే దూరంగా నిలబడి స్నానం చేస్తాడమ్మా!"

నవ్వాక గానీ ఆ ఇద్దరి మొహాలూ ఆవిడ చూడలేదు. చూసి, నాలుక్కరుచుకుంది.

ఆ అమ్మాయి అతని వైపు తిరిగింది. "భయపడేవాళ్లు ఏమనుకుంటారో తెలుసుకోవాలని నేను దొరికినవాళ్లనల్లా పట్టుకుని అడిగాను. పక్క కుర్చీలోనే ఒకళ్లున్నారు. నేను అడిగినా చెప్పలేదు."

"మీరు నవ్వుతారేమోనని..."

"ఇన్నాళ్లలో ఎవరి భయానికైనా నేను నవ్వడం చూశారా?"

చూడలేదు. ఒక్కసారి కూడా చూడలేదు. ఆ మాట చెప్పేలోపే ఆమె వెళ్లిపోయింది. మర్నాడు రాలేదు. ఆ తర్వాతా రాలేదు. క్లాసులో టైలరుగారు కూడా మానేయడంతో ముగ్గురే మిగిలారు. పిల్లల క్లబ్బు కోచ్ ఒకాయన టేపు పట్టుకొచ్చి కొలను కొలుచుకుని వెళ్లాడు. పిన్ని ఆ పూట ఈల కూడా ఊదలేదు.

ఆ మర్నాడు క్లాసు మొదలయ్యే వేళకి, నిక్కరూ బనియనూ వేసుకుని, చేతులు కట్టుకుని ఒక ఆరడుగుల మనిషి గట్టు మీద నిలబడి ఉన్నాడు.

పిన్ని అతన్ని పైనుంచి కిందిదాకా చూసింది. "రా నాన్నా. కూర్చో. కాళ్లు పెట్టు చాలు," అంది.

పెట్టాడు. నీళ్లు చల్లగా చీలమండలు పట్టుకున్నాయి. పక్కనే కూర్చున్న బస్సు డ్రైవరు అతని వైపు కొంచెం జరిగి కూర్చున్నాడు. చాలాసేపటికి డిజైనరు కడ్డీ పట్టుకుని మెట్లు దిగాడు. మొదటి మెట్టు. రెండోది. తర్వాత కింద ఏముందో కనపడలేదు. నీలం రంగు తప్ప ఏమీ కనపడలేదు.

"పిన్నీ, నేల ఎక్కడుంది?" గొంతు చిన్నపిల్లాడిలా వచ్చింది.

"ఉందిరా, ఇక్కడే. నీళ్లు నీ నడుము దాకే వస్తాయి. కాలు దించు."

నీళ్లు మీ నడుము దాకే వస్తాయి! ఆమె రాసిన ఆఖరి వాక్యం. ఆ రోజు దాన్ని చూసి, మరీ చప్పగా ఉంది, ఇందులో పంచ్ లేదనుకున్నాడు. ఇప్పుడు కళ్లు మూసుకుని ఆ చప్పటి మాటనే పట్టుకున్నాడు. పట్టుకుని కాలు దించాడు. నేల తగిలింది. గరుకుగా, గట్టిగా, హాయిగా తగిలింది.

ఆఫీసుకి సెలవు పెట్టాడు. ఆ పగలంతా కూర్చుని వెబ్‌సైట్ మొత్తం విప్పేశాడు. అలలు తీసేశాడు. ఈసారి ముందు ఆమె మాటలు పేజీలో పెట్టుకుని, ఆ తర్వాత వాటికి ఎంత చోటు కావాలో, ఎంత పెద్ద అక్షరం కావాలో, మధ్యలో ఎంత ఖాళీ ఉంటే కళ్లజోడు వాళ్లు కూడా తేలిగ్గా చదవగలరో చూసుకుంటూ చుట్టూ పేజీ కట్టుకొచ్చాడు. మెట్లూ కడ్డీ కనపడేలా తన ఫోనుతోనే ఫోటో తీసి పెట్టాడు. ఆమె అడిగి రాసుకున్న, డ్రైవరూ మిగతావాళ్లూ చెప్పిన మాటల కింద ఇంకొకరికి చోటు మిగిలింది. అక్కడ చాలాసేపు ఆలోచించి, తనే రాశాడు.

'ఈ స్కూల్ టీచరు మా పిన్ని. అయినా నాకు ఈత రాదు. నీళ్లంటే భయం. సిగ్గుపడి ఈ మాట చెప్పాల్సినవాళ్లకి చెప్పలేదు. ఇవాళ మొదటిసారి నీళ్లలో నిలబడ్డాను. నేల తగిలింది. రేపు కూడా వస్తాను. మీరూ రండి. ఇద్దరం ఉంటాం.'

ఆమెకు ఒకే మెసేజ్ పంపాడు. 'దూకండి తీసేశాను. తప్పు నాదే.'

జవాబు రాలేదు. సాయంత్రం ఫోను మోగింది. తీసే కంగారులో రెండుసార్లు కింద పడేశాడు.

"చదివాను," అంది ఆమె.

"ఎలా ఉందండీ?"

"ఒక తప్పుంది."

"ఒక్కటేనా?" అన్నాడు నమ్మలేక.

"చివర్లో 'ఇద్దరం ఉంటాం' అని రాశారు. అది చదివి పదిమంది వస్తే ఇద్దరెలా అవుతారు? 'అందరం' అనాలి."

అతను గట్టిగా ఊపిరి తీసుకున్నాడు. నీళ్లలో నిలబడిన మనిషికి, ఇది మాత్రం ఎంత?

"అది పదిమందికీ రాసింది కాదండీ."

అవతల ఆసుపత్రి వరండాలో ఎవరో ఎవర్నో పిలుస్తున్న గొంతు, చక్రాల కుర్చీ చప్పుడు వినిపించాయి.

"వెబ్‌సైట్ కదా. లోకమంతా చదువుతుంది," అంది చివరికి.

"చదవనివ్వండి."

అటువైపు చక్రాల కుర్చీ చప్పుడు దూరమైంది.

"మార్చమంటారా?" అని అడిగాడు.

"వద్దు," అంది ఆమె గొంతు తగ్గించి. "ఉంచండి."

ఫోను పెట్టేశాక అతను రిసెప్షన్ హాల్లో ఒక చుట్టు ఎగిరి గంతేశాడు. పిన్ని తలుపు సందులోంచి చూసి, ఏమీ ఎరగనట్టు లోపలికి వెళ్లిపోయింది.

క్లాసులోవాళ్లు ఆ పేజీని తెలిసినవాళ్లకు పంపడంతో తర్వాతి రోజు నుంచి ఫోన్లు మొదలయ్యాయి. పిన్నికి విచిత్రంగా తోచిందేమిటంటే, ఎవరూ ఏమీ అడగడం లేదు. అడగాల్సినవన్నీ చదివేసుకున్నారు. "ఎప్పుడు రమ్మంటారు?" అనే అంటున్నారు. ఒక పెద్దావిడ, "మీ బస్సు డ్రైవరుగారు ఉంటారు కదమ్మా? ఆయన పక్కనే కూర్చుంటాను," అంది. మానేసిన టైలరుగారు ఇద్దరు తోడికోడళ్లను వెంటేసుకుని తిరిగొచ్చింది. గట్టు మీద కాళ్లు తడుపుకునేవాళ్లకు చోటు చాలక, పిన్ని వాళ్లను రెండు జట్లు చేయాల్సి వచ్చింది.

నెలాఖరున కమిటీ ప్రెసిడెంటు వచ్చాడు. గట్టు పొడవునా కూర్చున్న జనాన్ని చూశాడు. ఆ తర్వాత పిన్నిని పక్కకి పిలిచి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అన్నాడు.

"టైము మీకే ఉంచుతున్నాం. అదలా ఉంచండి. ఆ పేజీలో... మొదటి రోజు దిగక్కర్లేదని రాశారు. అది నిజమేనా?"

"నిజమేనండీ. ఎందుకు?"

"అబ్బే, మా వాళ్లలో ఒకాయన అడగమన్నాడు." నీళ్ల వైపు ఒకసారి చూశాడు. "ఆ ఒకాయన నేనేలెండి. రేపట్నుంచి రావచ్చా?"

ఇక మిగిలింది ప్రశ్నలమ్మాయి వాళ్లమ్మగారు. కూతురు ఆ కొత్త పేజీని ఆవిడ ముందు పెట్టి వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని మొదటినుంచి చివరిదాకా చదివింది. చదివి, "ఆ డ్రెస్ ఇంకా ఆ కొట్లో ఉంటుందంటావా?" అంది.

డ్రెస్ ఉంది. మొదటి వారం గట్టు మీద గడిచింది. రెండో వారంలో ఒక ఆదివారం పొద్దున ఆవిడ కడ్డీని రెండు చేతులా గట్టిగా పట్టుకుని, మెట్టు మెట్టుకీ కూతుర్ని తిట్టుకుంటూ, నీళ్లలోకి దిగింది. కూతురు ఒకపక్క. పిన్ని ఒకపక్క. ఎదురుగా, నీళ్లలో నడవడం అలవాటైన డిజైనరు, తేలడానికి వాడే రబ్బరు పలక పట్టుకుని అటూ ఇటూ తిరుగుతున్నాడు. అతనికి నీళ్ల మీద కన్నా ఇటువైపే ధ్యాస ఎక్కువగా ఉంది.

ఆవిడ కాస్త కుదుటపడ్డాక అతన్ని పిలిచింది. "ఏం బాబూ, ఇలా రా."

అతను నీళ్లు తోసుకుంటూ వచ్చాడు.

"నీ పేజీ చదివాను. బాగానే రాశావు."

"మీ అమ్మాయిగారి దగ్గర నేర్చుకున్నదేనండీ."

"ఊఁ. మా పిల్ల ఈ మధ్య ఆసుపత్రి కాగితాలు రాస్తూ రాస్తూ తనలో తనే నవ్వుకుంటోంది. ఆపరేషన్ల గురించి రాసేవాళ్లు నవ్వుతారా ఎక్కడైనా? నాకు తెలియదనుకుంటున్నారా ఇద్దరూ? నేను సూటిగానే అడుగుతాను. మా అమ్మాయిని నువ్వు అడుగుతావా, లేక నేనే మీ పిన్నితో మాట్లాడాలా?"

అతను నోరు తెరిచాడు. పక్కనెవరో కాళ్లాడిస్తే చిందిన నీళ్లు కాసిని తెరిచిన నోట్లోకి పోయాయి. దగ్గు. ఆ దగ్గు మధ్యలో ప్రశ్నలమ్మాయి అందుకుంది.

"అమ్మా, అతను నిన్ననే అడిగాడు."

"నిన్ననా?" అంది వాళ్లమ్మ.

"నిన్ననా?" అంది పిన్ని అంతకన్నా గట్టిగా. "ఒరేయ్, నాకు చెప్పలేదేంరా?"

"నువ్వేమన్నావే మరి?" అంది వాళ్లమ్మ.

"అమ్మనడిగి చెప్తానన్నాను. నువ్వు నీళ్లలోకి దిగాక అడుగుదామని ఆగాను. అప్పుడైతే కోపమొచ్చినా ఎక్కడికీ పారిపోలేవు కదా." ఆమె మొహం ఎర్రబడింది. ఒక్కసారి అతని వైపు చూసి కళ్లు తిప్పుకుంది. "నాకైతే ఇష్టమేనమ్మా. చాలా ఇష్టం."

అతను దగ్గడం కూడా మర్చిపోయాడు.

"నన్నడగడానికేముందే పిచ్చిపిల్లా!" అంటూ వాళ్లమ్మ నీళ్లలోనే రెండడుగులు ముందుకేసి, ఒక చేత్తో కూతురి బుగ్గ నిమిరింది. రెండో చేత్తో అతని తడి తల పట్టుకుని ఊపింది. "నాక్కావలసింది ఇదే కదా. ఇద్దరూ చల్లగా ఉండండి. ఏమ్మా టీచరమ్మా, మీకూ సమ్మతమేనా?"

పిన్ని ఈల నోట్లో పెట్టుకోబోయి మధ్యలోనే ఆగిపోయి, కళ్లు ఇంతింత చేసుకుని ఆవిడనే చూస్తోంది. కూతురు చూసింది. అతనూ చూశాడు. గట్టు మీద కూర్చున్న డ్రైవరుగారు ముందు చప్పట్లు మొదలుపెట్టాడు.

"ఏమైంది? ఎందుకలా చూస్తున్నారు?" అంది ఆవిడ.

"అమ్మా," అంది కూతురు మెల్లగా, "కదలకు. కింద పడవులే. నువ్వు కడ్డీ వదిలేశావు."

ఆవిడ వెనక్కి తిరిగి చూసుకుంది. మెట్లు, కడ్డీ ఎక్కడో వెనకాల ఉన్నాయి. నడుము చుట్టూ నీళ్లు మెల్లగా ఊగుతున్నాయి. రెండు చేతులూ పిల్లలిద్దరి మీదే ఉన్నాయి.